పిలిస్తే పలుకుతున్నారా?

మా ఆయన నాకు పలకడం మానేసిన రోజుల్లో కూడా, "పలుకుతున్నారు" అని నేనే నా చేత్తో రాసి సంతకం పెట్టాను. మొత్తం పద్నాలుగు కాగితాల మీద.

ఆ కాగితాన్ని ఇంటి పత్రం అనేవాళ్ళు. ప్రతి శనివారం ఆయన క్యారియర్ సంచిలో తెచ్చేవారు, సోమవారం తిరిగి పట్టుకెళ్ళేవారు. అందులో ఏడు ప్రశ్నలు. నిద్ర సరిగా పడుతోందా, తల తిరుగుతోందా, చిరాకు పెరిగిందా, ఇలాంటివి. నాలుగోది, "ఇంట్లో వెనక నుంచి పిలిస్తే పలుకుతున్నారా?" అని. ఆయనతో కలిసి ఒకే ఇంట్లో ఉండేవాళ్ళే జవాబులు రాయాలి. ఆయన చూడకూడదు, కవరు అంటించి ఇవ్వాలి. ఆ కవరు విప్పి చదివేది ప్రయోగశాలలో ఉండే హిమజ. నా బాధంతా అదే.

మా ఆయన వరప్రసాద్‌కి విజయవాడ ఆటోనగర్‌లో కార్ల షెడ్డు ఉండేది. బండి షెడ్డు ముందు మలుపు తిరుగుతుండగానే, ఇంకా ఆగకముందే, "వాటర్ పంప్ బేరింగ్ పోతోంది, ఇంకో రెండు వేల కిలోమీటర్లు వస్తుంది" అనేవారు. సరిగ్గా అలాగే జరిగేది. అప్పట్లో ఒక్కో కంపెనీ బండికి ఒక్కో రకం సాకెట్, ఒక్కో స్కానర్. ఒకడి బండిలో పదిహేడో నంబరు కోడ్ వస్తే ఆయిల్ తక్కువని, ఇంకొకడి బండిలో అదే పదిహేడొస్తే ఎయిర్‌బ్యాగ్ పాడైందని. మా షెడ్డు గోడకి పదకొండు స్కానర్లు మేకులకి వేలాడుతుండేవి. ఏ కంపెనీ వాడూ తన కోడ్‌ల అర్థం పక్కవాడికి చెప్పేవాడు కాదు.

ఇదంతా తీసేసి, ఏ బండికైనా స్టీరింగ్ కింద ఒకే సాకెట్, దేశమంతా ఒకే కోడ్‌ల జాబితా ఉండాలని ఒక సంఘం పెట్టారు. ఆటోనగర్‌లో అందరూ వాళ్ళని ఉమ్మడి కోడ్ వాళ్ళు అనేవాళ్ళు. విరిగిపోయినదాన్ని చెప్పడం సెన్సర్లకి తేలికే. విరగబోతున్నదాన్ని చెప్పడం వాటివల్ల కాలేదు. అది మంచి మెకానిక్ చెవికే తెలుసు. అందుకని ఒక మనిషి చెవి నుంచి మూడు వందల అరవై శబ్దాలు తీసి, వాటిని ఉమ్మడి కోడ్‌లో కలపాలనుకున్నారు.

చెవి ఎవరిదన్నదానికి పోటీ పెట్టారు. చివరికి ఇద్దరు మిగిలారు: మా ఆయన, వెనక వీధిలో షెడ్డున్న మస్తాన్ వలీ. ఇద్దరికీ ఇరవయ్యేళ్ళుగా పడదు. ఇరవై ఇంజిన్లు వినిపిస్తే మస్తాన్ పద్దెనిమిది చెప్పాడు, మా ఆయన పంతొమ్మిది చెప్పారు. ఆ రోజు ఇంటికొచ్చి ఆ మాట నాకు నాలుగుసార్లు చెప్పారు.

"ఒక్కటేగా తేడా" అన్నాను.

"ఒక్కటా? క్లచ్ బేరింగే, వాడికి తెలీలా!" అని చెయ్యి కూడా కడుక్కోకుండా నవ్వుతూ కూర్చున్నారు.

మొదటిరోజు నేనూ వెళ్ళాను. ఆటోనగర్ చివర, ఒకప్పుడు బస్సు బాడీలు కట్టిన షెడ్డు అది. దాన్నే ప్రయోగశాల చేశారు. హిమజకి ముప్పై నాలుగేళ్ళుంటాయి. కళ్ళజోడు జుట్టు మీదకి నెట్టుకుని, చేతులకి గ్రీజు అంటినా పట్టించుకోని మనిషి. చొక్కా గుండీ అంత బిళ్ళని మా ఆయన చెవి వెనక అంటించి, ఒక ఇంజిన్ స్టార్ట్ చేసింది. ఆయన కళ్ళు మూసుకుని లోపం పేరు చెప్పారు. తెర మీద పచ్చటి గీత ఒకటి లేచింది.

"చూశారా విమల గారూ, ఇది మేస్త్రీ గారి నరం ఇచ్చిన జవాబు. ఇప్పుడు దీన్నే ఆయన చెవికి వెనక్కి పంపుతాం. గీత కదలకుండా వచ్చేదాకా వందసార్లు పంపితే, ఇక అది కోడ్ అయిపోయినట్టే."

"నొప్పి పుడుతుందా?"

"లేదండీ. ఒకే మాట వందసార్లు విన్నట్టుంటుంది."

అంతవరకూ బాగానే ఉంది. తర్వాత ఆమె నోట్ బుక్ తీసి, "మేస్త్రీ గారూ, ఆ శబ్దం మీకు ఎలా అనిపించింది? దేనిలా ఉంది?" అనడిగింది. ఆయన చెప్పడం మొదలుపెట్టారు. ఏం చెప్పారో ఇంజిన్ల హోరులో నాకు వినపడలేదు కానీ, గోడ గడియారంలో పది నిమిషాలు చెప్పారు. చేతులు తిప్పుతూ చెప్పారు. నాతో వారమంతా కలిపినా పది నిమిషాలు మాట్లాడని మనిషి. పప్పులో ఉప్పు ఎక్కువైతే "ఊ" అనీ, తక్కువైతే "ఊఁహూ" అనీ ఊరుకునే మనిషి.

ఇంటికొచ్చాక ఆ పది నిమిషాలూ నన్ను పొడుస్తూనే ఉన్నాయి.

ఐదో వారంలో మొదలైంది. పళ్ళెం పెట్టి, వెనక నుంచి "ఏవండీ, మజ్జిగ పొయ్యనా?" అంటే జవాబు లేదు. ఇంకోసారి అంటే లేదు. వంగి మజ్జిగ పోస్తే అప్పుడు ఉలిక్కిపడి నా వైపు చూసేవారు. అదే మా అమ్మాయి ప్రణతి మెట్ల మీద నుంచి "నాన్నా!" అంటే, "ఏంటమ్మా?" అని వెంటనే పలికేవారు. హిమజ ఫోన్ చేస్తే సరేసరి. పక్కగదిలోకి వినబడేలా నవ్వేవారు.

అంటే నాకు మాత్రమే పలకడం లేదు.

మరీ విచిత్రమేమిటంటే, ఎదురుగా నిలబడి మాట్లాడితే నా మొహంలోకి కన్నార్పకుండా చూసేవారు. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఎప్పుడూ అలా చూడలేదు. నన్నూ ఆవిడనీ పోల్చుకుంటున్నారనుకున్నాను. నలభై ఐదేళ్ళ వయసులో మొదటిసారి పార్లర్‌కి వెళ్ళి కనుబొమలు తీయించుకున్నాను. ఎర్రగా వాచిపోయి వచ్చాయి. ఆయన చూసి, "కళ్ళకలకా?" అన్నారు.

ఆ శనివారం కవరు తెరిచి కూర్చున్నాను. నాలుగో ప్రశ్న. పిలిస్తే పలుకుతున్నారా?

లేదు అని రాస్తే హిమజ చదువుతుంది. "అయ్యో, భార్యకి పలకడం లేదట" అని జాలిపడుతుంది. లేదా లోపల్లోపల సంబరపడుతుంది. రెండిట్లో ఏది ఎక్కువ మంటో తేల్చుకోలేకపోయాను. నా కాపురంలో చిల్లుందని నా చేతిరాతతో ఆవిడకి పంపడమా? "పలుకుతున్నారు" అని రాశాను. ఒకసారి రాశాక తర్వాతి వారాలు తేలికైపోయాయి. పన్నెండో వారమైతే, "చాలా బాగా పలుకుతున్నారు" అని కూడా రాశాను.

ఒకరోజు ఆయన చెప్పులు విప్పుతుంటే ఎదురుగా నిలబడి అడిగాను. "ఆవిడతో అంతసేపు ఏం మాట్లాడతారు?"

"ఎవరితో?"

"మీ మేడంతో."

"శబ్దాల గురించి."

"నాతో చెప్పకూడదా ఆ శబ్దాల గురించి?"

ఆయన కాసేపు నా పెదాల వైపు చూసి, "నీకెందుకే అవి, నీకు తెలిసినవేగా" అన్నారు. నాకు చిర్రెత్తుకొచ్చింది. ఇంజిన్ శబ్దాలు నాకు తెలిసినవేమిటి? మాట దాటేశారనుకున్నాను.

సంగతి బయటపెట్టింది మా ఇంట్లో రుబ్బే గ్రైండర్.

దాని బేరింగ్ అరిగి చప్పుడు మొదలై రెండు వారాలైంది. నేను కావాలనే చెప్పలేదు. చూద్దాం, ఇంటి గోడు ఈయనకి పడుతుందా లేదా అని. ఆ ఆదివారం పొద్దున ఇడ్లీకి పప్పు వేశాను. గ్రైండర్ ఇనుమూ ఇనుమూ రాసుకుంటున్నట్టు కీచుమంటూ అరిచింది. ప్రణతి చెవులు మూసుకుని, "అమ్మా, ఆపవే బాబూ!" అని బయటికి పరుగెత్తింది. పక్కింటావిడ గోడ మీద నుంచి తొంగి చూసింది. ఆయన దానికి రెండు గజాల దూరంలో కూర్చుని, పేపరు తిప్పుతూ, ప్రశాంతంగా ఉప్మా తింటున్నారు.

నా చేతిలోని గరిటె అలాగే ఉండిపోయింది.

పెళ్ళాన్ని పట్టించుకోని మగవాళ్ళని చాలామందిని చూశాను. మా ఆయనా అందులో ఒకరే కావచ్చు. కానీ పాడైన బేరింగ్‌ని పట్టించుకోని వరప్రసాద్‌ని మాత్రం ఎన్నడూ చూడలేదు. మా పెళ్ళిలో, తాళి చేతిలో పట్టుకుని, "ఆ జనరేటర్ ఎవరిదో, ఆయిల్ చూసుకోమనండి" అన్న మనిషి.

ఆయనకి నా మీద ఇష్టం పోలేదు. ఆయనకి వినపడటం లేదు.

సోమవారం ఆయన వెళ్ళిన గంటకి, ఆ వారం పత్రం ఖాళీగానే పట్టుకుని బస్సు బాడీ షెడ్డుకి వెళ్ళాను. హిమజ బల్ల దగ్గర ఉంది.

"రండి రండి. మేస్త్రీ గారు లోపల ఇంజిన్ దగ్గరున్నారు."

"మీతోనే పని. నాలుగో ప్రశ్నకి నేను అబద్ధం రాశానమ్మా. ఐదో వారం నుంచీ అబద్ధమే."

హిమజ కళ్ళజోడు కిందికి దించుకుంది. "అసలు పలకట్లేదా?"

"నాకు పలకరు. పాపకి పలుకుతారు. మీకూ పలుకుతారు." చివరి మాట దగ్గర నా గొంతు మారింది. ఆవిడ అది గమనించింది.

"ఇక్కడ ప్రతి వారం చెవి పరీక్ష చేస్తూనే ఉన్నాం. బీప్‌మనే శబ్దాలన్నీ వింటున్నారు. పూర్తయిన ఇంజిన్‌ని మళ్ళీ వినిపించే పని మాకు ఉండదు. అందుకే ఇంటి పత్రం పెట్టుకున్నాం." తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "మీకే పలకడం లేదంటే..." అని లేచి, అల్మారాలోంచి పెద్ద రిజిస్టరు తెచ్చి నా ముందు తెరిచింది.

ప్రతి వరుసలో కోడ్ నంబరు, లోపం పేరు. చివర "మేస్త్రీ మాట" అని ఇంకో గడి.

నలభై రెండు. టాపెట్ గ్యాప్. "మా ఆవిడ తాలింపులో ఆవాలు చిట్లినట్టు."

నూట పదకొండు. బెల్ట్ జారడం. "మా ఆవిడ తడి గచ్చు మీద పుల్లల చీపురు లాగినట్టు."

నూట ఎనభై. గేర్‌బాక్స్‌లో పళ్ళ అరుగుదల. "మా ఆవిడ కోపంగా గిన్నెలు సర్దుతున్నట్టు. నా మీద కోపమైతే ఇది, అత్తగారి మీదైతే నూట ఎనభై ఒకటి."

రెండు వందల పద్నాలుగు. టర్బో సీల్. "ఏవండీ అనే ముందు మా ఆవిడ ఊపిరి తీసుకున్నట్టు."

పేజీలు తిప్పాను. అన్నిట్లోనూ నేనే. నా మెట్టెలు, నా దగ్గు, నిద్రలో నా గురక మొదలయ్యేటప్పటి చప్పుడు. ఇన్నేళ్ళూ ఆయన ఇంట్లో మాట్లాడకుండా కూర్చున్నది ఇవన్నీ వినడానికని నాకెలా తెలుస్తుంది?

"ఆయన చెవిలో ఇంజిన్ శబ్దమూ మీ శబ్దమూ ఒకే దారం మీద ఉన్నట్టున్నాయండీ" అంది హిమజ నెమ్మదిగా. "మేం ఇంజిన్ కోసం ఆ దారాన్ని వందసార్లు లాగాం. రెండూ అరిగిపోయాయి. నాకు ముందే తట్టాల్సింది. ఈ చివరి గడి కోడ్‌లోకి వెళ్ళదు కాబట్టి దాన్ని సరదాగా చదువుకున్నాను, అంతే." రిజిస్టరుని నా వైపు జరిపింది. "నిజం చెప్పనా? మీరంటే నాకు కుళ్ళుగా ఉండేది. మా ఇంట్లో నేను తలుపు తీసుకుని లోపలికొచ్చినా ఎవరికీ తెలీదు."

నేను ఆవిడ మొహంలోకి చూశాను. ఇద్దరం ఒకరి మీద ఒకరం ఏడ్చుకుంటూ ఇన్ని నెలలు గడిపామన్నమాట.

"మళ్ళీ వస్తుందా?"

"కొంత రావచ్చు. రాకపోనూ వచ్చు. ఇక తీయడం ఆపేస్తే మిగిలినదైనా నిలుస్తుంది."

"ఇంకా ఎన్ని ఉన్నాయి?"

"ముప్పై ఒకటి. అన్నీ సన్నటి శబ్దాలు." ఆఖరి పేజీ తీసింది. అక్కడ ఆయన ముందుగానే చెప్పగా రాసిపెట్టుకున్న మాటలున్నాయి. "మా పాప నవ్వు ఆపుకుంటున్నట్టు." "మా పాప చిన్నప్పుడు ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లినట్టు."

అప్పుడే ఆయన నూలు పీచుతో చేతుల గ్రీజు తుడుచుకుంటూ వచ్చారు. మా ఇద్దరినీ, రిజిస్టర్‌నీ చూసి ఆగిపోయారు.

"నువ్వేంటి ఇక్కడ?"

ఆయన ముందుకెళ్ళి నిలబడ్డాను. "మీకు నా గొంతు వినపడట్లేదు కదూ?"

అబద్ధమాడతారనుకున్నాను. ఆడలేదు. "మూడు నెలలైంది. ఈ గేటు ముందు నుంచి ఒక ఆటో పోయింది. పుల్లీ ఊగడం కంటికి కనబడుతోంది, చెవికి రాలా. అప్పుడు తెలిసింది."

"మరి చెప్పలేదేం మేస్త్రీ గారూ?" అంది హిమజ.

"చెప్తే ఆపేస్తారుగా మేడం. ఆపి ఎవర్ని పిలుస్తారు? ఆ మస్తాన్‌ గాణ్ణేగా?" ఆయన నా వైపు తిరిగారు. "మూడు వారాల పనే. ఆ కాగితం మీద పలుకుతున్నారని రాసెయ్. ఇన్నాళ్ళూ రాశావుగా, ఇంకొకటి రాయడానికేం?"

"ముప్పై ఒకటేగా. మస్తాన్ చేస్తే ఏం పోయింది?"

"ఒక్కటైనా సరే! రేపు దేశంలో ప్రతి బండీ వాడి చెవితో వినాలా? క్లచ్ బేరింగ్ తెలీనోడి చెవితో?"

"పాప గొంతు కూడా పోతుందంట."

ఆయన మొహం ఒక్కసారి తెల్లబోయింది. పీచుని అటూ ఇటూ మడిచారు. చివరికి తల ఎత్తకుండా, "అలవాటవుతుందే" అన్నారు. "నీది పోయింది. అలవాటైందిగా."

హిమజ తల పక్కకి తిప్పుకుంది. నేను ఆవిడ జేబులోంచి పెన్ను తీసుకున్నాను. నాలుగో ప్రశ్న కింద, అక్షరాలు పెద్దవి చేసి, "లేదు" అని రాసి, సంతకం పెట్టి ఆవిడ చేతికిచ్చాను. ఆవిడ అది చదివి, వెళ్ళి యంత్రం ఆపేసింది.

ఆయన చెవి వెనక బిళ్ళ పీకి బల్ల మీద పెట్టారు. నాతో ఒక్క మాట మాట్లాడకుండా ఎండలో నడిచి వెళ్ళిపోయారు.

మస్తాన్ వచ్చాడు. రోజుకి ఒక్క శబ్దమే, పదిసార్లకి మించి పంపకూడదని నియమం మార్చారు. నెల పైన పట్టింది. ఆ నెలంతా మా ఇంట్లో మాటల్లేవు. ఈసారి వినపడక కాదు. ఆయన నా మొహం చూడటం మానేశారు. చూడకపోతే ఆయనకి నా మాట అందదు.

నాకొక పాడు అలవాటైంది. ఆయన వీపు వెనక నిలబడి చెప్పడం. అన్నం వడ్డిస్తూ, "హిమజ అంటే నాకు ఒళ్ళు మండిపోయేదండీ, అందుకే అబద్ధం రాశాను" అనేదాన్ని. బట్టలు మడుస్తూ అనేదాన్ని. ఐదో వారంలోనే నిజం రాసుంటే సగం చెవి దక్కేది. నేను కావాలనే అబద్ధం రాశానని ఆయనకి తెలీదు. కవర్లలో పలుకుతున్నారని రాసింది, నేను గమనించకపోవడం వల్లే అనుకుంటున్నారు.

ఆ నెల గడిచాక ఒక సాయంత్రం మస్తానే మా గుమ్మంలోకి వచ్చాడు, బందరు హల్వా పొట్లంతో.

"అన్నా, అయిపోయింది. నీవి మూడొందల ఇరవై తొమ్మిది, నావి ముప్పై ఒకటి."

ఆయన కుర్చీ చూపించారు. కూర్చోమనలేదు. మస్తాన్ తనే కూర్చున్నాడు.

"చెవి ఎట్టా ఉందిరా నీకు?"

"రాయిలా ఉందన్నా."

"ఆఖరి గడిలో ఏం చెప్పావ్? దేనిలా ఉందని?"

"ఏం చెప్తా? బెల్ట్ బెల్ట్‌లా ఉందన్నా, బేరింగ్ బేరింగ్‌లా ఉందన్నా. ఆ మేడం ఇంకా, ఇంకా అంటది. ఇంకేముంటది దాంట్లో?"

నెల తర్వాత మా ఆయన నవ్వడం అదే. మస్తాన్ నా వైపు తిరిగాడు. "నీతో పెద్ద చిక్కొచ్చింది వదినా. ఆ పుస్తకంలో పేజీ పేజీకీ నువ్వేనంట. ఆ సంగతి ఇంటికెళ్ళి చెప్పా. మరి మీ పుస్తకంలో నేనెన్ని పేజీల్లో ఉన్నా అంది మా ఆవిడ. రెండ్రోజులు నాకు అన్నం పెట్టలా."

అతను వెళ్ళాక, నేను ఈసారి వీపు వెనక నిలబడలేదు. కుర్చీ లాక్కుని ఆయనకి ఎదురుగా కూర్చున్నాను. మోకాలు తట్టాను. తల ఎత్తారు.

"మీరు పలకట్లేదని నాకు మొదట్నుంచీ తెలుసు. చెవి పోయిందని తెలీలేదు. ఆ హిమజ మోజులో పడి నన్ను పట్టించుకోవట్లేదనుకున్నాను. అది ఆవిడకి తెలిస్తే నవ్వుతుందని పలుకుతున్నారని రాశాను. అప్పుడే నిజం రాసుంటే మీకింత నష్టం జరిగేది కాదు."

ఆయన చేతిలోని హల్వా ముక్క పొట్లంలో పెట్టేశారు. అరుస్తారని చూస్తున్నాను.

"ఎవరి మోజులో?" అన్నారు.

"హిమజ."

"ఆ పిల్ల మీద నీకు కుళ్ళా? నా గురించి?"

"అవును. కుళ్ళే."

"కనుబొమలు కూడా అందుకేనా?"

"అందుకే."

కుర్చీని మోకాళ్ళు తగిలేంత దగ్గరికి జరుపుకున్నారు. కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో శుభ్రంగా తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"సరిగా అందలేదే. మెల్లగా, మొదట్నుంచీ ఇంకోసారి చెప్పు."

అంతా అందిందని ఆయన మొహం చూస్తే తెలుస్తూనే ఉంది. అయినా మొదట్నుంచీ చెప్పడం మొదలుపెట్టాను.